కీమో మందూ, వెలుతురుతో పుట్టే వేడీ ఒకే నానో కణంలో: తరచుగా అడిగే ప్రశ్నలు

రేడియేషన్‌ను మన ఊళ్లలో ఇప్పటికీ "కరెంటు పెట్టడం" అనే అంటారు. అందుకే "లైటు వేసి క్యాన్సర్ గడ్డను కరిగించే మందు వచ్చిందట" అని వాట్సాప్‌లో ఒక వార్త తిరగ్గానే, ఇదేదో కొత్త రకం కరెంటు అనుకుని చాలామంది ఫోన్ చేస్తుంటారు. నేను క్యాన్సర్ డాక్టర్ని కాను. మందుల తయారీ చదువుకుని, నానో మందుల మీద కొన్నేళ్లు ల్యాబ్‌లో పనిచేసినవాణ్ని. చుట్టాలు, స్నేహితులు, వాళ్ల చుట్టాలు అడుగుతూ వచ్చిన ప్రశ్నలనే ఇక్కడ పెట్టాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కలే.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. కీమోనూ ఈ వేడి వైద్యాన్నీ ఒకే కణంలో కలిపిన నానో మందు ఏదీ ఇంకా ఆసుపత్రుల్లో మామూలుగా వాడటానికి అనుమతి తెచ్చుకోలేదు, ఇక్కడే కాదు, అమెరికాలోనూ అంతే. మిగతాదంతా ఈ మాట గుర్తుపెట్టుకుని చదవండి.

అసలు ఈ మందు ఏం చేస్తుంది?

కంటికి కనిపించనంత చిన్న కణం ఒకటి తయారుచేస్తారు. దాంట్లో రెండు సరుకులుంటాయి. ఒకటి కీమో మందు. ఎక్కువ ప్రయోగాల్లో అది డాక్సోరుబిసిన్. కీమో వార్డులో సెలైన్ పైపులో ఎర్రగా దిగే మందును ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోరు, అదే ఇది. రెండోది వెలుతురును పీల్చుకుని వేడెక్కే పదార్థం. బంగారం కావచ్చు, కాపర్ సల్ఫైడ్, మాలిబ్డినం డైసల్ఫైడ్ కావచ్చు, కంటి పరీక్షల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు మందూ కావచ్చు.

ఈ కణాలను రక్తంలోకి ఎక్కిస్తారు, లేదా నేరుగా గడ్డలోకే సూదితో పంపుతారు. తర్వాత గడ్డ మీద కంటికి కనిపించని లేజర్ వేస్తారు. లేజర్ పడ్డచోట కణాలు వేడెక్కుతాయి. ఆ వేడికి గడ్డ దెబ్బతింటుంది. అదే వేడికి కణం వదులై లోపలున్న కీమో అక్కడే బయటికొస్తుంది. మామూలు కీమో ఒళ్లంతా తిరిగి జుట్టునీ పేగునీ ఎముక మజ్జనీ కూడా దెబ్బకొడుతుంది. ఇక్కడ మందు ఎక్కడ తెరుచుకోవాలో, ఎప్పుడు తెరుచుకోవాలో డాక్టర్ చేతిలో ఉండాలన్నది ఆశ.

అంటే ఇది కరెంటు పెట్టడం లాంటిదేనా?

కాదు. రేడియేషన్‌లో వాడేవి ఎక్స్‌రేల జాతి కిరణాలు. అవి ఒంట్లో ఎంత లోతుకైనా దూసుకెళ్లి కణంలోని డీఎన్ఏను తెంచుతాయి. ఇక్కడ వాడేది ఎరుపు రంగు దాటాక వచ్చే వెలుతురు, టీవీ రిమోట్‌లో ఉండే బాపతు. అది డీఎన్ఏను తెంచదు. దాన్ని పీల్చుకునే వస్తువు అక్కడ ఉంటే వేడి పుడుతుంది, లేకపోతే పెద్దగా ఏమీ జరగదు. ఎండలో నల్ల బండ కాలినట్టు తెల్ల బండ కాలదు కదా, ఆ సంగతే.

వేడితోనే క్యాన్సర్ కణం చచ్చిపోతే మళ్లీ కీమో ఎందుకు?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నా నమస్కారం, అసలు విషయమంతా ఇక్కడే ఉంది.

గడ్డ అంతా ఒకే వేడికి ఎప్పుడూ రాదు. లేజర్ దగ్గరున్న చోట 50 డిగ్రీలు దాటితే, అంచుల్లో 42 మాత్రమే ఉండొచ్చు. రక్తనాళం పక్కనున్న భాగమైతే ఇంకా చల్లగా ఉంటుంది. పారే రక్తం వేడిని ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది, కాలవ పక్కన మంట పెట్టి నేల ఎండబెట్టాలని చూసినట్టు. 50 దాటిన చోట కణాలు నిమిషాల్లో ఉడికి చస్తాయి. 42 దగ్గరున్నవి మాత్రం వేడిని తట్టుకునే ప్రొటీన్లను గబగబా తయారుచేసుకుని బతికి బయటపడతాయి. గడ్డ మళ్లీ పెరిగేది ఆ అంచుల నుంచే.

కీమో అక్కరకొచ్చేదీ అక్కడే. 41 నుంచి 43 డిగ్రీల వేడి కణాన్ని చంపకపోయినా బలహీనం చేస్తుంది. రక్తనాళాల గోడలు వదులై మందు ఎక్కువగా దిగుతుంది. కణం చుట్టూ ఉండే పొర మెత్తబడుతుంది. ముఖ్యంగా, తెగిన డీఎన్ఏను అతుక్కునే పనిముట్లు ఆ వేడికి కాసేపు పనిచేయవు. డాక్సోరుబిసిన్ చేసే పని డీఎన్ఏను తెంచడం. తెంచేవాడు వచ్చేసరికి అతికేవాడు నిద్రపోతున్నాడన్నమాట. అందుకే వేడీ మందూ ఒకే చోట, ఒకే సమయంలో పడితే రెండూ విడివిడిగా చేసే పని కంటే ఎక్కువ జరుగుతుంది. రెండిటినీ ఒకే నానో కణంలో కూర్చడానికి కారణం ఇదే తప్ప, ఒకే సూదితో సరిపోతుందని కాదు.

నానో అంటే ఎంత చిన్నది? బంగారమే ఎందుకు?

మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నుంచి లక్ష నానోమీటర్లు. ఎర్ర రక్తకణం ఏడెనిమిది వేలు. ఈ మందు కణాలు ఎక్కువగా 50 నుంచి 200 మధ్య ఉంటాయి.

బంగారం సంగతి కాస్త వింతగా ఉంటుంది. నగలో పచ్చగా మెరిసే బంగారాన్ని ఇరవై, ముప్పై నానోమీటర్ల గుండ్లుగా చేసి నీళ్లలో కలిపితే ఆ నీళ్లు దానిమ్మ రసంలా ఎర్రగా కనిపిస్తాయి. మొదటిసారి ల్యాబ్‌లో చూసినప్పుడు ఎవరో రంగు కలిపారనుకున్నాను. కణంలోని ఎలక్ట్రాన్లన్నీ వెలుతురుతో కలిసి ఊగి, ఆకుపచ్చ వెలుతురును మింగేయడం వల్ల ఆ ఎరుపు వస్తుంది. గుండుకు బదులు కడ్డీలా చేసినా, గాజు గోళీ మీద పలచటి బంగారు పూత వేసినా, అది మింగే వెలుతురు మారిపోయి కంటికి కనిపించని ఎరుపు అవతలికి జరుగుతుంది. పూత మందం మార్చి మనకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన నయోమి హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బృందం ఇలాంటి పూత కణాలతో గడ్డను వేడి చేయవచ్చని 2003లో ఎలుకల్లో చూపించింది.

పైగా బంగారం తుప్పు పట్టదు, ఒంట్లో దేనితోనూ అంత సులువుగా కలవదు. ఆ గుణమే తర్వాత ఇబ్బంది కూడా అవుతుంది. దాని సంగతి కింద చెప్తాను.

లోపలున్న కీమో సమయానికి ఎలా బయటికొస్తుంది?

నెయ్యి డబ్బాను గుర్తుతెచ్చుకోండి. చలికాలం పొద్దున గడ్డకట్టి ఉంటుంది, ఎండ తగలగానే కరుగుతుంది. కణం గోడను కొవ్వు పదార్థంతో కడితే అదీ అలాగే చేస్తుంది. డీపీపీసీ అనే కొవ్వు సరిగ్గా 41 డిగ్రీల దగ్గర గట్టితనం వదులుతుంది. మన ఒంటి వేడి 37. కాబట్టి మామూలుగా మూత పడి ఉండి, లేజర్ వేసినప్పుడు తెరుచుకుంటుంది. మరి 104 ఫారెన్‌హీట్ జ్వరం వస్తే? అది 40 డిగ్రీలే, గీత దాటదు కానీ గీత పక్కనే ఉంటుంది. ఇలాంటి మందు ఇచ్చే రోజున జ్వరం లేకుండా చూసుకోవాల్సిందే.

అన్నీ కొవ్వు గోడలే ఉండవు. వేడికి మెత్తబడే ప్లాస్టిక్ లాంటి పాలిమర్లు వాడతారు. సన్నని రంధ్రాలున్న సిలికాలో మందు నింపి, వేడికి ఊడే మూతలు పెట్టేవాళ్లూ ఉన్నారు.

లేజర్ వెలుతురు ఒంట్లో ఎంత లోతుకు వెళ్తుంది?

రాత్రిపూట ఫోన్ టార్చ్ వేసి అరచేతితో మూసి చూడండి. చెయ్యి ఎర్రగా వెలుగుతుంది. నీలం, ఆకుపచ్చ వెలుతురును రక్తం తాగేసింది, ఎరుపు మాత్రం బయటికొచ్చింది. ఎరుపు దాటాక, సుమారు 700 నుంచి 900 నానోమీటర్ల మధ్య, రక్తమూ నీరూ రెండూ కాస్త దారి ఇస్తాయి. ల్యాబుల్లో ఎక్కువగా 808 నానోమీటర్ల లేజర్ వాడేది అందుకే.

కాస్త దారే, పూర్తిగా కాదు. ఒక సెంటీమీటరు లోపలికి పోయేసరికే వెలుతురులో చాలా భాగం చెదిరిపోతుంది. చర్మం కిందే ఉన్న గడ్డకు ఇది చాలు. కాలేయం లోపల, క్లోమం దగ్గర ఉన్న గడ్డకు బయటి నుంచి వేస్తే అందదు. సన్నటి లేజర్ తీగను సూదిలా గడ్డ దాకా గుచ్చడం, ఎండోస్కోపీ గొట్టం గుండా పంపడం లాంటివే దారి. "లైటు వేస్తే చాలు, కోత లేదు" అని రాసేవాళ్లు ఈ సంగతి ఎక్కడా రాయరు.

ఇంకో చిన్న విషయం. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ కూడా ఈ వెలుతురును కొంత పీలుస్తుంది. ఇలాంటి ప్రయోగాల్లో తెల్ల ఎలుకలను ఎక్కువగా వాడతారు. మన చర్మం మీద లేజర్ మోతాదు, కాలిన గాయాల లెక్క వేరే చూసుకోవాలి.

రక్తంలోకి ఎక్కిస్తే మందు గడ్డ దగ్గరికే ఎలా వెళ్తుంది?

చాలావరకు వెళ్లదు. ఈ రంగంలో ఇష్టంగా ఒప్పుకోని నిజం ఇది.

గడ్డలో రక్తనాళాలు హడావుడిగా పుట్టినవి కాబట్టి వాటి గోడల్లో సందులుంటాయని, అంత సైజు కణాలు ఆ సందుల్లోంచి కారి గడ్డలో నిలిచిపోతాయని జపాన్‌లో మత్సుమురా, మయేదా 1986లో చెప్పారు. ఆ తర్వాత నానో మందుల పరిశోధన అంతా ఆ మాట మీదే నడిచింది. 2016లో కెనడాలోని టొరంటో పరిశోధకులు అంతకుముందు పదేళ్లలో అచ్చయిన ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కేస్తే, ఎక్కించిన కణాల్లో గడ్డకు చేరేది నడిమి లెక్కన 0.7 శాతం అని తేలింది. నూటికి ఒకటి కూడా కాదు. మిగతావాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. రక్తంలో తిరిగే పరాయి వస్తువులను ఏరెయ్యడం వాటి పని, అవి వాటి పని చేస్తాయి.

మామూలు కీమో కూడా గడ్డకు చేరేది కొంచెమే కాబట్టి దీన్ని పూర్తి ఓటమి అనుకోనక్కర్లేదు. కానీ "గురి చూసి కొట్టే మందు" అని వార్తల్లో రాస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. గురి ఉన్నది లేజర్‌కు, మందుకు కాదు.

ఎలుకల్లో గడ్డ పూర్తిగా పోయిందని చదివాను. అబద్ధమా?

నిజమే. 2024లో అమెరికాలోని ఎంఐటీ బృందం చేసిన పని అందుకు మంచి ఉదాహరణ. వాళ్లు నానో కణాన్ని రక్తంలోకి ఎక్కించలేదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ నానో పలకలనూ కీమో మందునూ ఒక పాలిమర్‌లో కలిపి, 200 మైక్రోమీటర్ల చిన్న ముక్కలుగా చేసి, గడ్డలోనే సుమారు 25 ముక్కలు పెట్టారు. బయటి నుంచి లేజర్ వేస్తే ముక్కలు 50 డిగ్రీలకు వేడెక్కి, పాలిమర్ మెత్తబడి మందు వదిలాయి. ఒక్కోసారి మూడు నిమిషాలు, మూడేసి రోజుల తేడాతో మూడుసార్లు. ట్రిపుల్ నెగెటివ్ అనే మొండి రకం రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో గడ్డలు పూర్తిగా పోయాయి. కీమో ఒక్కటే ఇచ్చినవాటి కంటే, వేడి ఒక్కటే పెట్టినవాటి కంటే అవి చాలా ఎక్కువ కాలం బతికాయి. గడ్డకు చేరేది తక్కువన్న చిక్కును వాళ్లు తెలివిగా తప్పించుకున్నారు. నడిపించుకుంటూ తీసుకెళ్లే బదులు తీసుకెళ్లి అక్కడే కూర్చోబెట్టారు.

ఇక ఎలుక లెక్క చూడండి. ఇరవై గ్రాముల ఎలుక చర్మం కింద ఒక గ్రాము గడ్డ అంటే దాని బరువులో ఐదు శాతం. అరవై కిలోల మనిషికైతే అది మూడు కిలోల గడ్డ. మనుషుల్లో అంతకంటే చాలా చిన్నగా ఉన్నప్పుడే బయటపడుతుంది, చాలా లోతుగా ఉంటుంది, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి ఉంటుంది. ఎలుక గడ్డ రెండు వారాల్లో పెంచింది. దాని రక్తనాళాలు మరీ కారతాయి, వెలుతురు మరీ తేలిగ్గా అందుతుంది. అందుకని ఎలుకల ఫలితాన్ని కొట్టిపారేయక్కర్లేదు, మన ఇంటి మనిషికి అన్వయించుకోనూ కూడదు.

మనుషుల మీద ఎవరైనా చేసి చూశారా?

లేజర్ వేడి ఒకటి, వేడితో కలిపిన కీమో ఒకటి, ఈ రెండిటినీ విడదీసి చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది.

వెలుతురు, వేడి మాత్రమే తీసుకుంటే, పైన చెప్పిన రైస్ కణాలే ఆరోషెల్ పేరుతో మనుషుల దాకా వచ్చాయి. న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ ఆసుపత్రిలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందికి వాడిన ఫలితాలు 2019లో వచ్చాయి. ముందురోజు కణాలను రక్తంలోకి ఎక్కించి, మర్నాడు ఎంఆర్ఐ బొమ్మల సాయంతో లేజర్ తీగను ప్రోస్టేట్‌లోకి పంపారు. 15 మందిలో పని అనుకున్నట్టు పూర్తయింది. ఏడాది తర్వాత లేజర్ వేసిన చోటు నుంచి ముక్క తీసి చూస్తే, 15 మందిలో 13 మందికి అక్కడ క్యాన్సర్ లేదు. మూత్రం, దాంపత్య జీవితం విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రోస్టేట్ ఆపరేషన్‌కు భయపడేది వాటి గురించే కాబట్టి అది చిన్న విషయం కాదు. అయితే ఆ కణాల్లో కీమో లేదు.

వేడి, కీమో తీసుకుంటే థర్మోడాక్స్ కథ చెప్పాలి. నెయ్యి లాంటి కొవ్వు గోడలో డాక్సోరుబిసిన్ పెట్టిన మందు అది. వేడి లేజర్‌తో కాదు, కాలేయ గడ్డలోకి సూది గుచ్చి రేడియో తరంగాలతో కాల్చే పాత పద్ధతితో. సూది చుట్టూ గడ్డ కాలిపోతుంది, అంచుల్లో ఉండే ఓ మాదిరి వేడికి మందు విడుదలై మిగిలిన కణాల పని పడుతుంది. కాగితం మీద ఇంతకంటే అందమైన ఆలోచన లేదు. 701 మంది మీద చేసిన పెద్ద ట్రయల్ 2013లో అనుకున్న మేలు చూపించలేకపోయింది. తర్వాత లెక్కలు తిరగేసి, 45 నిమిషాలకు పైగా వేడి పెట్టినవాళ్లకు బాగున్నట్టుందని, ఈసారి అందరికీ అలాగే పెట్టి 556 మంది మీద మళ్లీ చేశారు. 2020లో మధ్యలో లెక్క చూస్తే అదీ మేలు చూపించేలా లేదని తేలింది. అదే మందును ఆక్స్‌ఫర్డ్‌లో 10 మందికి అల్ట్రాసౌండ్ వేడితో ఇచ్చినప్పుడు మాత్రం గడ్డలో మందు మోతాదు సగటున మూడున్నర రెట్లకు పైగా పెరిగింది. అంటే వేడితో మందు విడుదలవుతుందన్నది మనుషుల్లోనూ నిజమే. దానివల్ల మనిషి ఎక్కువ కాలం బతుకుతాడన్నది ఇంకా రుజువు కావాలి. రెండూ ఒకటి కావు.

"వేడి కీమో" హైదరాబాద్‌లో చేస్తున్నారని విన్నాం. అది ఇదేనా?

మీరు విన్నది హైపెక్ గురించి. అది వేరు. కడుపులో పాకిన క్యాన్సర్‌ను ఆపరేషన్‌లో వీలైనంత తీసేసి, బల్ల మీద ఉండగానే 41 నుంచి 43 డిగ్రీల వేడి ఉన్న కీమో ద్రవాన్ని గంట, గంటన్నర పాటు కడుపులో తిప్పి తీసేస్తారు. నానో లేదు, లేజర్ లేదు. కానీ వేడీ కీమో కలిస్తే బలం పెరుగుతుందన్న సూత్రం ఒకటే. నెదర్లాండ్స్‌లో 245 మంది అండాశయ క్యాన్సర్ ఆడవాళ్ల మీద జరిగిన ట్రయల్‌లో, హైపెక్ చేసినవాళ్లలో సగం మంది 45.7 నెలలకు పైగా బతికితే, చేయనివాళ్లలో అది 33.9 నెలలు. 2018లో ఆ ఫలితం వచ్చింది. ఇది ఇప్పుడు దొరికే వైద్యం. అయితే అందరికీ పనికిరాదు, పెద్ద ఆపరేషన్‌తో ముడిపడింది.

మరి నానో కీమో మందులు ఏవీ వాడకంలో లేవా?

బోలెడున్నాయి, లేజర్ లేనివి. కొవ్వు గోళంలో పెట్టిన డాక్సోరుబిసిన్ డాక్సిల్ పేరుతో 1995లో అమెరికాలో అనుమతి పొందింది. ఆల్బుమిన్ ప్రొటీన్‌కు అంటించిన పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు 2005లో వచ్చింది. 2012లో అమెరికాలో డాక్సిల్‌కు కరువొస్తే, మన సన్ ఫార్మా తయారుచేసే లిపోడాక్స్‌ను తాత్కాలికంగా దిగుమతి చేసుకోనిచ్చారు. మీ ఇంట్లో ఎవరికైనా "లైపోజోమల్", అంటే కొవ్వు గోళంలో పెట్టినది, అని రాసిన కీమో ఎక్కిస్తుంటే, నానో మందు మీ ఇంటికి వచ్చేసినట్టే.

ఇవి చేసిన పెద్ద మేలు గుండె విషయంలో. మామూలు డాక్సోరుబిసిన్ మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరం దెబ్బతింటుంది, అందుకే మధ్యమధ్యలో ఎకో తీయిస్తారు. గోళంలో పెడితే ఆ బాధ బాగా తగ్గింది. బదులుగా అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి చర్మం ఊడే సమస్య వచ్చింది.

ఫోటోడైనమిక్ థెరపీ అంటే ఇదేనా?

దాంట్లోనూ లేజర్ ఉంటుంది కానీ వేడి కాదు. మందు వెలుతురును పీల్చి ఆక్సిజన్‌ను విషంలాంటి రూపానికి మారుస్తుంది, అది కణాన్ని చంపుతుంది. ఆ పద్ధతికి 1990లలోనే అనుమతులు వచ్చాయి. దాంట్లో కొన్ని వారాలు ఎండలోకి వెళ్లకూడదు. ఫోటోథర్మల్‌కు, అంటే మనం చెప్పుకుంటున్న వెలుతురు వేడి వైద్యానికి, ఆక్సిజన్‌తో పని లేదు కాబట్టి, ఆక్సిజన్ తక్కువగా ఉండే గడ్డ నడిబొడ్డులోనూ పనిచేయగలదు.

దుష్ఫలితాలు ఉండవంటున్నారు, నిజమేనా?

ఉండవని చెప్పేవాళ్లను నమ్మకండి. లేజర్ ఎక్కువైతే చర్మం, పక్కనున్న మంచి భాగాలు కాలతాయి. పేగు, నరం పక్కన ఉన్న గడ్డ అయితే అది చిన్న సంగతి కాదు. అందుకే లోపలి వేడిని ఎంఆర్ఐతోనో సన్నని సూది థర్మామీటర్లతోనో చూస్తూ ఉండాలి. కీమో కొంత తప్పించుకుని రక్తంలోకి వస్తుంది, వాంతులు, రక్తకణాల సంఖ్య పడిపోవడం తగ్గొచ్చు కానీ సున్నా కాదు. కొవ్వు గోళాల మందులు కొందరికి ఎక్కిస్తుండగానే ఆయాసం, ఒళ్లు ఎర్రబడటం తెస్తాయి.

బంగారం ఒంట్లో మిగిలిపోతుందా? స్వర్ణ భస్మం తింటే ఇదే లాభం రాదా?

మిగిలిపోతుంది, చాలాకాలం. మూత్రంలో పోవాలంటే కణం ఐదారు నానోమీటర్ల కంటే చిన్నదై ఉండాలి. వంద నానోమీటర్ల బంగారం కాలేయంలో, ప్లీహంలో కూర్చుంటుంది. ఇప్పటిదాకా దానివల్ల పెద్ద హాని కనిపించలేదు, కానీ చూసింది కొద్దిమందిని, కొద్దికాలమే. దీనికి ఒక ఉపాయం మన దేశంలోనే దొరికింది. 2015లో ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వారి క్యాన్సర్ పరిశోధన కేంద్రం యాక్ట్రెక్ పరిశోధకులు కొవ్వు గోళం మీద చిన్న చిన్న బంగారు కణాలను పూతలా అంటించారు. లేజర్ పని అయ్యాక గోళం విచ్చిపోయి చిన్న కణాలు బయటికి పోయేందుకు వీలవుతుందని ఎలుకల్లో చూపించారు.

స్వర్ణ భస్మానికీ దీనికీ సంబంధం లేదు. నోటితో తిన్నది గడ్డలోకి చేరదు, దాని కణాల సైజు, ఆకారం ఈ వెలుతురును పీల్చేలా తీర్చినవి కావు. కీమో నడుస్తుండగా డాక్టర్‌కు చెప్పకుండా ఏ భస్మమూ వేసుకోవద్దు. కాలేయం అప్పటికే మందుల బరువు మోస్తూ ఉంటుంది.

ఫిజియోథెరపీ సెంటర్‌లో ఉండే ఎర్ర లైటు పెట్టించుకుంటే?

వద్దు. కణాలు లేకుండా లైటు ఒక్కటే గడ్డను ఏమీ చేయదు. క్యాన్సర్ గడ్డ ఉన్నచోట కాపడం, వేడి లైట్లు పెట్టకూడదని ఫిజియోథెరపిస్టులకే నేర్పిస్తారు.

పాకిపోయిన క్యాన్సర్‌కు పనికొస్తుందా?

వెలుతురు పడ్డచోటే పని. ఊపిరితిత్తులకు, ఎముకలకు పాకినదాని మీద లేజర్ ఎక్కడని వేస్తారు? వేడికి చచ్చిన గడ్డ ముక్కలను చూసి రోగనిరోధక శక్తి మేలుకుని దూరంగా ఉన్నవాటినీ పట్టుకుంటుందని కొన్ని ఎలుకల ప్రయోగాల్లో కనిపించింది. రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీతో కలిపి దాని మీద చాలా పని జరుగుతోంది. ప్రస్తుతానికి ఇది ప్రధానంగా ఒకే చోట ఉన్న, వెలుతురు అందే గడ్డలకు సరిపోయే ఆలోచన: చర్మం, రొమ్ము, నోరు, గొంతు, ప్రోస్టేట్. గుట్కా, జర్దా పుణ్యమా అని మన దగ్గర నోటి క్యాన్సర్ ఎక్కువ, నోట్లోకి లేజర్ పంపడం సులువు. మనవాళ్లు ఈ పరిశోధనలో ముందుండాలని నేను కోరుకునేది అందుకే.

తెలుగు రాష్ట్రాల్లో ఎవరైనా దీని మీద పనిచేస్తున్నారా?

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ విభాగంలో ఫోటోథర్మల్ కణాల మీద చాలాకాలంగా పని జరుగుతోంది. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనూ నానో మందుల పరిశోధన ఉంది. ఇవన్నీ ల్యాబ్, ఎలుకల దశ పనులు. దయచేసి రిపోర్టులు పట్టుకుని అక్కడికి వెళ్లకండి. అవి ఆసుపత్రులు కావు, పేషెంట్లను చూడరు. మా ల్యాబ్ గుమ్మం ముందు ఒకాయన భార్య ఫైలు పట్టుకుని గంటసేపు నిలబడ్డ రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

మా అమ్మకు వచ్చే వారం కీమో మొదలుపెడతామన్నారు. ఈ కొత్త వైద్యం వచ్చేదాకా ఆగితే?

ఆగొద్దండి. ఇది ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. గడ్డ మాత్రం వారాల లెక్కన పెరుగుతుంది. మీ అమ్మగారికి వాంతుల భయమో జుట్టు ఊడుతుందన్న బెంగో ఉంటే అది డాక్టర్‌తో చెప్పండి, వాంతులు ఆపే మందులు పదేళ్ల కిందటి కంటే చాలా మెరుగయ్యాయి. గుండె బలహీనంగా ఉంటే లైపోజోమల్ రకం కుదురుతుందా అని అడగండి. ఇవి ఇవాళే అడగగలిగిన ప్రశ్నలు.

ట్రయల్‌లో చేరాలనుకుంటే ఎలా తెలుసుకోవాలి?

మన దేశంలో మనుషుల మీద జరిగే ప్రతి మందు ట్రయల్‌నూ ముందే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. దాని వెబ్‌సైట్‌లో ఎవరైనా డబ్బు కట్టకుండా వెతకొచ్చు. "ఫోటోథర్మల్" అని, క్యాన్సర్ పేరు అని వేసి చూడండి. ఎవరైనా "మా దగ్గర నానో లేజర్ ట్రయల్ ఉంది" అంటే ముందు సీటీఆర్ఐ నంబరు అడగండి. నంబరు లేదంటే లేచి వచ్చేయండి. ట్రయల్ మందుకు మీ చేత డబ్బు కట్టించుకోబోతే నంబరు ఉన్నా అనుమానించండి.

2019 నాటి నిబంధనల ప్రకారం, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి. సంతకం పెట్టే కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, తెలుగులో అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చుకుని నింపాదిగా చదవండి. మధ్యలో మానేస్తానంటే ఎవరూ ఆపకూడదు, మామూలు వైద్యం ఆగకూడదు.

ఆ కాగితంలో నేనైతే ముందు మూడు సంగతులు వెతుకుతాను. ఇది ఎన్నో దశ ట్రయల్? మొదటి దశ అయితే వాళ్లు చూస్తున్నది మందు భద్రమా కాదా అని, జబ్బు నయమవుతుందా అని కాదు. ఈ కణాలు ఒంట్లోంచి ఎలా పోతాయని రాశారు? లేజర్ వేసేటప్పుడు లోపలి వేడిని దేనితో కొలుస్తారు? చివరి ప్రశ్నకు డాక్టర్ తడుముకోకుండా జవాబు చెబితే, ఆ బృందానికి పని తెలుసని నాకు కాస్త ధైర్యం కలుగుతుంది.